పది నిమిషాల మేడమ్

ఆమెకు ఆ పేరు మొదట ఎవరు పెట్టారో తెలియదు గానీ, పోలీసు డిపార్టుమెంటులో ఒక పేరు అంటుకుందంటే రిటైరైనా వదలదు. అసలు పేరు ఆమె మెడలోని గుర్తింపు కార్డు మీద మాత్రమే ఉండేది. మిగతా అన్నిచోట్లా ఆమె పది నిమిషాల మేడమే. ట్రైనింగ్ సెంటరు గేటు దగ్గరి సెంట్రీ కూడా "పది నిమిషాల మేడమ్ వచ్చారు" అనే లోపలికి కబురు చేసేవాడు. ఆ పేరు విని కొత్తవాళ్ళు, క్లాసు పది నిమిషాల్లో అయిపోతుంది కాబోలని సంబరపడేవాళ్ళు. మూడు గంటలని తెలిశాక వాళ్ళ మొహాలు చూడాలి.

పని ఒత్తిడిని తట్టుకోవడం పోలీసులకు నేర్పడం ఆమె ఉద్యోగం. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. ఎవరైనా పోలీసు దగ్గరికి వెళ్ళి "మీ మనసేమైనా బాగాలేదా?" అని అడిగి చూడండి. ముందు మీ పేరూ చిరునామా అడుగుతాడు. తర్వాత, ఇలా అడగమని మిమ్మల్ని ఎవరు పంపారని అడుగుతాడు. తనకు బాధగా ఉందని మాత్రం చచ్చినా చెప్పడు. చెబితే ఫైల్లోకి ఎక్కుతుందని భయం, ఫైల్లోకి ఎక్కింది సరిగ్గా ప్రమోషన్ రోజునే బయటికొస్తుందని ఇంకో భయం. అలాంటి ముప్ఫై మందిని గుండ్రంగా కుర్చీల్లో కూర్చోబెట్టి నోరు విప్పించాలంటే తల ప్రాణం తోకకు వస్తుంది. మొదటి ఏడాదంతా ఆమెకు అదే అయింది. ఆమె ఉద్యోగం పేరులోని 'కోచ్' అనే మాట విని, "రైలుపెట్టె మేడమ్" అంటూ వెనక నవ్వుకునేవాళ్ళు.

ఆమె కూడా పోలీసే. పదకొండేళ్ళు కంట్రోల్ రూములో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, జనం ఆపదలో చేసే ఫోన్లు ఎత్తింది. ఫోనెత్తాలి, చిరునామా కనుక్కోవాలి, బండిని పంపాలి, పెట్టేయాలి. అదీ అక్కడి పద్ధతి. ఆ తర్వాత అవతలి మనిషి ఏమయ్యాడో అడిగే తీరిక ఉండదు, ఈలోగా ఇంకో ఫోను మోగుతుంది. ఆ పదకొండేళ్ళలో ఆమె వేలాది కథల మొదళ్ళు వింది, ఒక్కదాని చివర కూడా వినలేదు. ఒకరోజు పొద్దున్నే ఎదురుగా లైటు వెలుగుతూ ఉంటే, బటన్ నొక్కడానికి చెయ్యి లేవలేదు. పక్క సీటు ఆవిడ వంగి నొక్కింది. ఆ వారమే ఆమెను అక్కణ్ణించి తీసి ట్రైనింగ్ సెంటర్లో పడేశారు. అది శిక్షే అనుకుంది ఆమె. అక్కడికి బయటినుంచి వచ్చిన ఒక పెద్దావిడ నలభై రోజులు ఈ కోచింగ్ పని, అంటే ఎదుటివాళ్ళ చేత మనసు విప్పి మాట్లాడించడం, నేర్పింది. సలహా ఇవ్వకు, అడుగు. అడిగాక ఆగు. అవతలివాళ్ళు మాట్లాడేదాకా నీ నోరు కట్టేసుకో. మిగతావాళ్ళకు అది చదువు, మన మేడమ్‌కు మందు.

పేరు తెచ్చిన ఆ పది నిమిషాలు మాత్రం ఏ పుస్తకంలోవీ కావు. ఖైదీలను కోర్టుకు తీసుకెళ్ళే వ్యాను డ్రైవరు ఒకడు క్లాసులో మూడు వారాలు నోరు మెదపకుండా కూర్చుని, నాలుగోవారం ఉన్నట్టుండి అన్నాడు.

"నిన్న మావాణ్ణి కొట్టాను మేడమ్. నేను రాగానే పరిగెత్తుకొచ్చి కాళ్ళు చుట్టేసుకున్నాడు, అంతే. ఎందుకు కొట్టానో వాడికీ తెలీదు, నాకూ తెలీదు."

"అప్పటికి మీ డ్యూటీ అయిపోయిందా?" అని అడిగింది మేడమ్.

"డ్యూటీ అయిపోయింది మేడమ్. నాకే అవ్వలేదు."

ఆ మాటకు గదిలో ఒక్కరూ నవ్వలేదు. మేడమ్ అప్పటికప్పుడు తోచింది చెప్పింది. రేపటినుంచి ఇంటికెళ్ళగానే లోపలికి పోవద్దు. బండి ఆపి, టోపీ తీసి పక్కన పెట్టుకుని పది నిమిషాలు అందులోనే కూర్చోండి. ఆ రోజు జరిగినవాటిలో మనసుకు పట్టిన మూడింటిని పైకే చెప్పుకోండి, వినేవాళ్ళు లేకపోయినా సరే. చివర "డ్యూటీ అయిపోయింది" అనుకుని అప్పుడు దిగండి. వ్యాను డ్రైవరు ఆ వారమంతా అలాగే చేశాడు. తర్వాతి క్లాసుకి వచ్చి, "మావాడు మళ్ళీ కాళ్ళు చుట్టేసుకుంటున్నాడు మేడమ్" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

అక్కణ్ణించి అది పాకింది. ఇంటివాళ్ళకూ ఒక సగం పని ఉందని మేడమ్ తర్వాత కనిపెట్టింది. బండిలో కూర్చున్న మనిషిని ఎవరూ పిలవకూడదు. వరండాలోంచి చెయ్యి ఊపకూడదు, పిల్లలు ఎదురు పరిగెత్తకూడదు, పక్కింటివాళ్ళు పలకరించకూడదు. ఆ సంగతి చెప్పడానికి ఒక ఆదివారం ఇంటివాళ్ళనందరినీ పిలిపించింది. "మావారిని పది నిమిషాలు కదపకుండా వదిలేస్తే గుర్రుపెడతారు మేడమ్, ఇంక తెల్లారాకే దిగడం" అంది ఒకావిడ. "మా ఆవిడ ఇన్‌స్పెక్టరండీ, ఇంటికొచ్చాక ఆవిడకి కాదు, మాకు కావాలి పది నిమిషాలు" అన్నాడు ఒక పెద్దమనిషి. నవ్వులు నవ్వులే, నియమం మాత్రం నిలబడింది. మూడేళ్ళు తిరిగేసరికి పోలీసు క్వార్టర్స్ ముందు బళ్ళు ఆపుకునే చోట గోడ మీద పెద్దక్షరాలతో రాయించారు: 'ఈ పది నిమిషాలు వారివి. పలకరించవద్దు.' పిల్లలు ఆడుకుంటూ ఆడుకుంటూ ఏదైనా బండిలో మనిషి కనబడితే బంతి చంకలో పెట్టుకుని మునివేళ్ళ మీద నడిచి వెళ్ళేవాళ్ళు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మేడమ్ రచ్చ గెలిచింది. ఇంట్లో మాత్రం ఆమె మాట చెల్లలేదు.

ఆమె భర్త ట్రాఫిక్ విభాగంలో రోడ్డు ప్రమాదాల దర్యాప్తు చూసేవాడు. టేపు పట్టుకుని రోడ్డు మీద టైరు గుర్తులు కొలవడం సగం పని. మిగతా సగం, పోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి తలుపు తట్టి ఆ కబురు చెప్పడం. స్టేషన్లో ఇంకెవరికీ ఆ పని చేతకాదు కాబట్టి అన్నీ ఆయనకే వచ్చేవి. ఇరవై రెండేళ్ళలో ఎన్ని తలుపులు తట్టాడో ఆయనెప్పుడూ చెప్పలేదు. ఇంటికొచ్చాక ఆమె "ఎలా జరిగింది?" అంటే "ఏముంది, మామూలే" అనేవాడు. ఊళ్ళో పోలీసులందరి చేతా మాట్లాడించిన మనిషి ఇంట్లో ఆ ఒక్క 'మామూలే'ని దాటలేకపోయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఆయనే వెక్కిరించేవాడు. దానికితోడు డిపార్టుమెంటు రూలు ఒకటి, కోచ్ తన ఇంటివాళ్ళకు కోచింగ్ ఇవ్వకూడదు. వేరే కోచ్ దగ్గరికి వెళ్ళమంటే, "పెద్దమేడమ్‌ని ఇంట్లో పెట్టుకుని బయట ట్యూషన్‌కి పోతే పరువేం కాను" అనేవాడు.

ఇంట్లో ఆమె పెద్దమేడమ్, పదిహేడేళ్ళ కూతురు చిన్నమేడమ్. వాళ్ళిద్దరి మధ్య తానొక హోంగార్డునని ఆయన వాపోయేవాడు. మాట తక్కువ మనిషే గానీ కూతురి దగ్గర మాత్రం వేళాకోళం ఆగేది కాదు. ఆ రెండు గొంతులూ నవ్వుతుంటే వంటింట్లో మేడమ్‌కు హాయిగానూ ఉండేది, కొంచెం కుళ్ళుగానూ ఉండేది.

అలాంటి మనిషి ఒక సాయంత్రం బండి ఆపి దిగలేదు. క్వార్టర్స్‌లో వాళ్ళది రెండో అంతస్తు, వంటింటి కిటికీలోంచి చూస్తే కింద వాళ్ళ పాత కారు పైకప్పు, తెరిచిన అద్దం మీద ఆయన మోచెయ్యి కనిపించాయి. మేడమ్ గిన్నె కడుగుతూ కడుగుతూ ఆగిపోయింది. గడియారం చూసింది. సరిగ్గా పది నిమిషాలకు తలుపు తెరుచుకుంది, ఆయన టోపీ పెట్టుకుని దిగాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆమె ఆనందం ఇంతా అంతా కాదు. ఆయనతో ఆ మాటే ఎత్తలేదు, ఎత్తితే ఎక్కడ మానేస్తాడోనని. రోజూ ఆ వేళకు ఏదో ఒక పని కల్పించుకుని కిటికీ దగ్గర నిలబడేది. క్లాసులో మాత్రం దాచుకోలేకపోయింది. "మా ఇంటాయన కూడా మొదలుపెట్టారండీ" అని చిన్నపిల్లలా చెప్పేసింది. ముప్ఫై మంది చప్పట్లు కొట్టారు.

ఏడాది పాటు అలా సాగింది. ఆ ఏడాదిలో ఆయన కొంచెం తేలికపడ్డాడనే ఆమె నమ్మింది. ఇంట్లోకి రాగానే కూతుర్ని ఆటపట్టించేవాడు, అడిగి టీ పెట్టించుకునేవాడు. ఇదంతా ఆ పది నిమిషాల చలవేనని ఆమె లెక్క.

ఆ రోజు ఆయన కారు ఆరున్నరకు వచ్చి ఆగింది. ఇంకా వెలుతురుంది. పక్క బ్లాకు పిల్లలు బంతాట ఆడుతున్నారు. మేడమ్ టీకి నీళ్ళు పెట్టి కిటికీ దగ్గరికి వచ్చింది. మోచెయ్యి కనబడలేదు, ఆయన ముందుకి వంగి స్టీరింగ్ మీద తల ఆనించి ఉన్నట్టు భుజం మాత్రం కనిపించింది. పది నిమిషాలయ్యాయి. పన్నెండయ్యాయి. ఇవాళ బరువైనదేదో తగిలినట్టుంది, పోనీ దించుకోనీ అనుకుంది. టీ పొయ్యి సన్నం చేసింది. కూతురు వంటింట్లోకి వచ్చి, "నాన్న ఇంకా రాలేదేంటమ్మా, వెళ్ళి పిలుచుకొస్తా" అంది.

"వద్దు, కూర్చోనీ. తనంతట తనే వస్తాడు."

"పావుగంట దాటింది."

"నీకంత తొందరేమిటే? ఆయనకి ఎంతసేపు కావాలో ఆయనకి తెలుసు" అంది మేడమ్. కూతురు తన గదిలోకి వెళ్ళిపోయింది.

కింది ఇంట్లో ఉండేది ఆ వ్యాను డ్రైవరే. అతను కూరగాయల సంచితో ఆ కారు పక్కనుంచే వచ్చాడు. సార్ తల వంచుకుని ఉండడం చూశాడు. చూసి, చెప్పులు చప్పుడు కాకుండా నడిచి మెట్లెక్కాడు. అంతకుముందే ఇద్దరు ఆడవాళ్ళు అలాగే వెళ్ళారు. పిల్లల బంతి వచ్చి కారు చక్రానికి తగిలితే, ఒకామె వాళ్ళను కేకలేసి అవతలికి తోలింది, సార్‌కి ఇబ్బందని. అందరూ మర్యాదస్తులే. అందరూ మేడమ్ చెప్పింది చెప్పినట్టు చేసినవాళ్ళే. అరగంట దాటాక వ్యాను డ్రైవరుకే ఏదో అనుమానం తట్టి మళ్ళీ దిగి వెళ్ళాడు. కారు తలుపు తీసి అతను వేసిన కేక రెండో అంతస్తుకు వినబడింది. "అక్కా!" అన్నాడు. అన్నాళ్ళూ మేడమ్ అన్నవాడు.

ఆస్పత్రిలో డాక్టరు కుర్రాడు మర్యాదగా మాట్లాడాడు. గుండెపోటు అన్నాడు. వెంటనే తెచ్చి ఉంటేనా అని ఆమె అడిగితే, వెంటనే తెచ్చి ఉంటే చెప్పగలిగేవాళ్ళమేమో అన్నాడు. తర్వాత, ఎందుకన్నానా అన్నట్టు కాగితాల్లో తల దూర్చాడు.

పరామర్శకు వచ్చిన జనం మంచివాళ్ళు. మంచివాళ్ళు పుండు మీద కారం చల్లినట్టు ఇంకెవరూ చల్లలేరు. "పోనీలెండి మేడమ్, ప్రశాంతంగా పోయారు. మీరు నేర్పిన ఆ పది నిమిషాల్లోనే పోయారు" అన్నారు. ఒకరు కాదు, పదిమంది అన్నారు. మొదట ఆ మాట వింటే ఆమెకు గోడకు తల కొట్టుకోవాలనిపించింది. రానురాను ఆ మాటనే పట్టుకుని వేలాడింది. వేరే పట్టుకోవడానికి ఏమీ లేదు మరి. ఆయన పోయిన రోజు సంగతి మార్చడం ఎలాగూ కుదరదు. కానీ ఆ ఏడాది, ఆ మూడువందల సాయంత్రాలు, అవి ఆయనకు మేలు చేశాయా? ఆయన అక్కడ కూర్చుని ఏ బరువైనా దించుకున్నాడా? దించుకున్నాడంటే చాలు, తన తప్పును మోస్తూ బతికేయగలదు. లేదంటే ఇంకేముంది, కట్టుకున్నవాణ్ణి ఇంటి ముందు కూర్చోబెట్టి చంపుకున్నట్టే. ఇంత ముతకగానే అనుకుంది తనలో తాను.

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు కోసం మూడు నెలలు తిరిగింది. ఆయన స్టేషనుకు వెళ్ళి, ఆయనతో పనిచేసినవాళ్ళను అడిగింది. "సార్ తన గురించి ఏమీ చెప్పేవారు కాదు మేడమ్" అన్నారు. ఆయన ఫోను డిపార్టుమెంటుది, అది అప్పుడే తిరిగి ఆఫీసుకు వెళ్ళిపోయింది. వ్యాను డ్రైవరును అడిగితే అతను ఏడ్చాడే తప్ప చెప్పలేదు. అతనికి అతని గొడవ, పక్కనుంచే నడిచివెళ్ళానే అని. కూతుర్ని మాత్రం అడగలేదు. ఎలా అడుగుతుంది? పిలుచుకొస్తానంటే వద్దన్నది తనే. ఆ రోజునుంచి ఆ పిల్ల అవసరానికి తప్ప పెదవి విప్పడం లేదు. తింటుంది, చదువుకుంటుంది, గది తలుపు వేసుకుంటుంది. తనను చూసి కళ్ళు తిప్పుకుంటుంది. అసహ్యించుకుంటోంది, అసహ్యించుకోదా మరి అనుకుంది మేడమ్. ఎదుటివాళ్ళ చేత నోరు విప్పించే విద్యంతా ఆ గది తలుపు దగ్గర అక్కరకు రాలేదు.

అలా ఉండగా పెద్దాఫీసరు నుంచి కబురొచ్చింది. ఆ పది నిమిషాల పద్ధతిని అన్ని స్టేషన్లలోనూ పెడుతున్నారు. సోమవారం సభ. మేడమ్ వచ్చి నాలుగు మాటలు చెప్పాలి. ఆయన ఫోన్ చేసి మెత్తగానే అడిగాడు.

"మీరు బాధలో ఉన్నారు, కాదనను. కానీ మీ వారు ఏడాది పాటు చేశారు కదమ్మా. వారికి అది ఎంత ఉపయోగపడిందో మీ నోటితో చెబితే చాలు. అంతకన్నా ఉదాహరణ ఏముంటుంది?"

"ఆలోచించి చెబుతాను సార్" అంది.

ఆదివారం మధ్యాహ్నం ఇంక ఆగలేకపోయింది. కూతురి గది తలుపు తోసింది. అమ్మాయి మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది, ఎదురుగా పుస్తకం తెరిచే ఉంది గానీ చదవడం లేదు. మేడమ్ మంచం అంచున కూర్చుంది. క్లాసులో అయితే నెమ్మదిగా మొదలుపెట్టేది. ఇక్కడ నేరుగా అడిగేసింది.

"రేపు సభలో చెప్పమంటున్నారే. నాన్న కింద కూర్చునేవాడు కదా, అది తనకి బాగుండేదని నీతో ఎప్పుడైనా అన్నాడా?"

అమ్మాయి పుస్తకంలో పేజీ తిప్పింది.

"నామీద నీకు కోపం, నాకు తెలుసు. ఆ రోజు నిన్ను వెళ్ళనివ్వలేదు. నన్ను తిట్టు, నీ ఇష్టం. కానీ ఈ ఒక్కటీ చెప్పు."

"నీమీద కోపమేంటమ్మా" అంది అమ్మాయి. "నాకు నీమీద కోపం లేదు."

"మరి?"

అమ్మాయి చాలాసేపు గోడనే చూసింది. మేడమ్ ఆగింది. ఆమెకు వచ్చిన విద్యల్లో అదొక్కటే అప్పుడు పనిచేసింది. చివరికి ఆ పిల్ల దిండు పక్కనున్న ఫోన్ తీసి, వేలితో పైకీ కిందికీ జరిపి, తల్లి ఒళ్ళో పెట్టింది. "చూడు. చెప్పొద్దన్నాడు. అయినా చూడు."

నాన్నకూ తనకూ మధ్య నడిచిన మెసేజీలు అవి. రోజూ ఆరున్నరకూ ఆరూ నలభైకీ మధ్యవి. ఏడాది పొడుగునా ఉన్నాయి.

'చిన్నమేడమ్, ఎన్నయ్యాయి?'

'నాలుగే.'

'పెద్దమేడమ్ కిటికీ దగ్గరుందా?'

'ఉంది. గరిటె పట్టుకుని ఉంది. బుద్ధిగా కూర్చో.'

'ఆకలేస్తోందే.'

'ఇంకో ఆరు.'

మేడమ్‌కు మొదట నవ్వొచ్చింది. మూడు నెలల తర్వాత మొదటి నవ్వు. ఇద్దరూ కలిసి తన వెనక ఇంత నాటకమాడారా అనుకుంది. ఇంకొంచెం కిందికి జరిపింది. ఒక రోజున కూతురు, 'బోరుకొడితే మానేయొచ్చుగా నాన్నా, అమ్మేమన్నా కొడుతుందా?' అని రాసింది. దానికి ఆయన పెద్ద జవాబు రాశాడు. ఆయన అంత పొడుగ్గా రాయడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

'బోరు కాదే. ఇలా ఒక్కణ్ణే కూర్చుంటే ఆ ఇళ్ళన్నీ గుర్తొస్తున్నాయి. తలుపు తీసినవాళ్ళ మొహాలు వస్తున్నాయి. ఇంట్లోకి వచ్చేస్తే రావు. మీ ఇద్దరి గోలలో పడితే పోతాయి. ఇదివరకు హాయిగా నేరుగా పైకి వచ్చేసేవాణ్ణి. కానీ ఒకరోజు ఫోన్ మాట్లాడుతూ కార్లో ఉండిపోయా, మీ అమ్మ కిటికీలోంచి చూసి ఎంత మురిసిపోయిందో. దాని మొహంలో ఆ సంతోషం ఎన్నాళ్ళైంది చూసి! పోనీ, పది నిమిషాలే కదా. దానికి చెప్పకు.'

మేడమ్ ఆ మెసేజీని మూడుసార్లు చదివింది. కళ్ళకు అక్షరాలు అలుక్కుపోయాయి. మూడు నెలలుగా ఎవరెవరినో అడిగిన ప్రశ్నకు జవాబు ఈ ఇంట్లోనే, ఈ తలుపు వెనకే ఉంది. ఆయనకు ఆ పది నిమిషాలు మందు కాదు. అవే జబ్బు. ఆయన మందు పైన రెండో అంతస్తులో ఉంది, టీ కాస్తూ, గడియారం చూస్తూ, రాకుండా అడ్డం నిలబడి ఉంది. "అయ్యో" అంది. ఊళ్ళో పోలీసులందరి కళ్ళల్లోకి చూసి వాళ్ళ కష్టం చెప్పగలిగిన మనిషి, తన మొగుడి మోచెయ్యిని ఏడాదంతా చూసి దాన్ని సుఖమనుకుంది.

"ఇంకా ఉంది" అంది కూతురు. "చివరిది."

చివరిది ఆ రోజుది. ఆరూ ముప్ఫై ఏడు.

'చిన్నమేడమ్, ఇవాళ వచ్చేయనా?'

'కుదరదు. ఇంకో మూడు నిమిషాలు. రూలంటే రూలే. కదిలావంటే అమ్మకి చెప్పేస్తా!' దాని పక్కన నవ్వే బొమ్మలు రెండు.

ఆ తర్వాత ఏమీ లేదు.

"ఎప్పుడూ అలా అడగలేదమ్మా" అంది అమ్మాయి. "ఎప్పుడూ ఎన్నయ్యాయనే అడిగేవాడు. ఆ రోజే వచ్చేయనా అన్నాడు. నాకు తట్టలేదు. నేను నవ్వుకుంటూ రాశాను. తర్వాత జవాబు రాకపోతే, అలిగాడేమో, వెళ్ళి పిలుద్దామనుకున్నా. నువ్వు వద్దన్నావు, సరేలే అనుకున్నా." ఆగి, తల్లి వైపు తిరిగింది. మూడు నెలల్లో మొదటిసారి సూటిగా చూసింది. "అమ్మా, నేను రమ్మని రాసుంటే వచ్చేసేవాడు కదూ?"

వచ్చేసేవాడు. మేడమ్‌కు ఆ సంగతి తన పేరెంత తెలుసో అంత తెలుసు. కూతురు రా నాన్నా అంటే ఆయన టోపీ కూడా కార్లో వదిలేసి వచ్చేవాడు. నొప్పి అప్పటికే మొదలై ఉంటుంది, పైకొచ్చి చెప్పేవాడు, కింద వ్యాను డ్రైవరు ఉన్నాడు, ఆస్పత్రి దగ్గరే. ఆ పిల్ల కూడా ఇదంతా మూడు నెలలుగా లోపల తిప్పితిప్పి చూసుకునే ఉంటుంది. తల్లి ముఖంలో అవును కోసం వెతుకుతోంది. నీ తప్పేం లేదమ్మా అని ఊరికే అంటే నమ్మదు. ఆ మాటను ఎవరూ నమ్మరని క్లాసులో చెప్పేది తనే.

"రాడు" అంది మేడమ్.

"నిజం చెప్పమ్మా."

"నిజమే చెబుతున్నా. నువ్వు రమ్మన్నా వచ్చేవాడు కాదు. నేను కిటికీ దగ్గర ఉన్నానని రోజూ నువ్వే చెప్పేదానివి కదా, నేను ఉండగా ఆయన లేచేవాడు కాదు. ఎప్పుడైనా లేచాడా? చూడు, ఇన్ని రాశాడు, ఆకలన్నాడు, చిరాకన్నాడు, ఒక్కరోజైనా ముందుగా దిగాడా? నాకోసం కూర్చున్నాడే. నీ మెసేజీ వల్ల కాదు. నువ్వు రాసినా రాయకపోయినా నాకోసం కూర్చునేవాడే."

"నిజంగా?"

"ఇరవై ఏళ్ళు కాపురం చేశాను. నాకు తెలీదా ఆయన సంగతి?"

అమ్మాయి ఆమె మొహంలోకి వెతికి వెతికి చూసింది. మేడమ్ రెప్ప వాల్చలేదు. కంట్రోల్ రూములో పదకొండేళ్ళు, 'భయపడకండి, మావాళ్ళు వచ్చేస్తున్నారు' అని చెప్పిన గొంతు అది, వణకకుండా ఉండడం దానికి తెలుసు. చివరికి ఆ పిల్ల నమ్మింది. నమ్మి, తల్లి ఒళ్ళో పడి, అన్నాళ్ళూ ఏడవని ఏడుపంతా ఏడ్చింది. మేడమ్ ఆ వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ ఉంది. తన ఏడుపు తర్వాత చూసుకోవచ్చు, దానికి బోలెడు టైముంది.

అప్పుడే హాల్లో ఆమె ఫోన్ మోగింది. ఆగి, మళ్ళీ మోగింది. కూతురే లేచి వెళ్ళి తెచ్చి ఇచ్చింది, మళ్ళీ వచ్చి ఒళ్ళో తల పెట్టుకుంది. పెద్దాఫీసరు.

"రేపటి సభ సంగతి అనుకుందామని చేశానమ్మా. పదిన్నరకి మీరు మాట్లాడతారు. ఏం చెబుతారో రెండు ముక్కలు ఇస్తే, కార్యక్రమం కాగితంలో వేయిస్తాను."

"ఉపయోగపడలేదని చెబుతాను సార్."

"అదేంటమ్మా? వారు ఏడాది పాటు ఎంతో నిష్ఠగా..."

"ఆయన పైకి వచ్చేద్దామనుకునేవారు సార్, రోజూ" అంది మేడమ్. ఒళ్ళో ఉన్న కూతురు వింటోంది, వినాలనే కొంచెం గట్టిగా అంది. "నేనే రానివ్వలేదు."